పదితో గుణించని పేజీ

కలకత్తా ఖిదిర్‌పూర్ తెలుగు బడిలో నేను ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పాను. అన్నేళ్లలో పదమూడో ఎక్కం ఎక్కడా తడుముకోకుండా అప్పజెప్పిన పిల్లలు ఇద్దరే. ఒకడు పెద్దయ్యాక లెక్కలతో పనిలేని ఉద్యోగం చూసుకుని సుఖపడ్డాడు. రెండోది సునీత. ఆమెకిప్పుడు నలభై నాలుగేళ్లు. కళ్లజోడు వచ్చింది, పాపిట్లో తెల్లపాయ వచ్చింది. అయినా నా కంటికి పిల్లే కాబట్టి మధ్యమధ్యలో ‘పిల్ల’ అంటే ఏమీ అనుకోకండి.

ఆమె తండ్రి కూర్మయ్య సోంపేట దగ్గరి పల్లె నుంచి పదిహేడో ఏట ఇక్కడి రేవుకు పనికొచ్చాడు. మొదట మూటలు మోశాడు. నడుము మొరాయించాక టాలీ పనిలో పడ్డాడు. ఓడలోంచి క్రేను దింపిన బేళ్లను, అంటే సరుకు కట్టలను, లెక్కపెట్టడం టాలీవాడి పని. లెక్కపెట్టిన బేలు మీద సుద్దతో నిలువుగా ఒక గీత గీస్తారు, అది రెండోసారి లెక్కలోకి రాకుండా. కూర్మయ్య ముందు గీత గీసేవాడు, తరువాత అంకె పలికేవాడు. చెయ్యి కదిలిందంటే నోరు దానంతటదే పలుకుతుందని ఆయన ధీమా. కూతురికి ఆస్తులేమీ ఇవ్వలేకపోయాడు గాని ఆ నిలువు గీత మాత్రం ఇచ్చాడు.

నగరం తూర్పు అంచున అణుకేంద్రకాల మీద పరిశోధన చేసే సంస్థ ఒకటుంది. పేరు నాకు తెలుసు, చెప్పను. సునీత బి.ఎస్సీ. ముగించుకుని అక్కడ టైపు పనికి చేరింది. ఏడాది కాంట్రాక్టు. ఏటా జూలై నెలాఖరున కొత్త కాగితం వస్తుంది, సంతకం పెట్టాలి. అలా ఇరవై రెండు జూలైలు గడిచాయి. ఒక్క జూలైలోనూ పిల్ల కడుపునిండా తిన్న పాపాన పోలేదు.

టైపు పని పోయి క్రమంగా పట్టికల పని వచ్చింది. దేశదేశాల పాత పరిశోధన పత్రాల్లో ఉన్న అంకెలు తీసి, అన్నింటినీ ఒకే కొలతలోకి మార్చి పెట్టాలి. ఏం అంకెలంటారా? కేంద్రకం మీదికి ఒక కణాన్ని విసిరితే అది తగిలే అవకాశం ఎంతో చెప్పే అంకెలు. ఆ అవకాశాన్ని వాళ్లు వైశాల్యంగా చెబుతారు. గురి పెద్దదైతే ఎక్కువ తగులుతుంది, చిన్నదైతే తప్పిపోతుంది. గోళీలాడిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. ఆ వైశాల్యానికి కొలత బార్న్. బార్న్ అంటే ఇంగ్లీషువాళ్ల భాషలో గడ్డీ ధాన్యమూ దాచే కొట్టం. కేంద్రకమనే గురి కొట్టమంత పెద్దదిగా ఉందే అని ఎవరో వేళాకోళమాడితే ఆ పేరే నిలిచిపోయిందట. ఇంతా చేసి ఆ కొట్టం ఎంతయ్యా అంటే, ఒక చదరపు సెంటీమీటరును ఒకటి పక్కన ఇరవై నాలుగు సున్నాలు పెట్టినన్ని ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. చదువు ముదిరినవాళ్ల హాస్యం ఇలాగే ఉంటుంది.

బార్నులో వెయ్యోవంతు మిల్లీబార్న్. సునీత పనిచేసే చోట అందరూ వాడేది ఇదే. పాత పత్రాలు రాసినవాళ్లలో కొందరికి బార్న్ పేరే గిట్టదు, చదరపు ఫెమ్టోమీటర్లలో రాస్తారు. అవి వందైతే ఒక బార్న్. అంటే ఒక చదరపు ఫెమ్టోమీటరు పది మిల్లీబార్నులతో సమానం. కాబట్టి వాళ్ల అంకెను పదితో గుణిస్తే మన అంకె వస్తుంది. అంతే. మూడో తరగతి లెక్క. పెద్ద లెక్క దగ్గర మనిషి భయపడతాడు, రెండుసార్లు చూసుకుంటాడు. కొంప ముంచేవి ఈ చిన్న లెక్కలే.

ఒక పేజీ మార్చడం అయ్యిందంటే సునీత దాని అంచున ఎర్ర పెన్సిలుతో నిలువు గీత గీస్తుంది. నాన్నలాగే ముందు గీత, తరువాత గుణకారం. ఇరవై రెండేళ్లలో ఒక్క అంకె తప్పలేదు. అక్కడి శాస్త్రవేత్తలు ఒకరి లెక్క ఒకరు నమ్మరు గాని సునీత లెక్కను మాత్రం తిరగేసి చూడరు. ఆ మాట చెప్పి నేను కూడా వీధిలో నాలుగుసార్లు మీసం తిప్పాను. నేర్పింది నేనే కదా.

పోయిన జూలైలో ఒక బుధవారం. తెల్లవారినప్పటి నుంచి వాన. సునీత సెలవు పెట్టి, ఏక్‌బాల్‌పూర్ ఇంటి నుంచి కూర్మయ్యను ఖిదిర్‌పూర్‌లో కంటి డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది. కళ్లలో చుక్కల మందు వేసి బల్ల మీద కూర్చోబెట్టారు. వాళ్ల ముందు ఇంకా పాతికమంది ఉన్నారు. చూపు మసకబారితే కూర్మయ్యకు నోరు ఊరుకోదు. పక్కనున్న ఇచ్ఛాపురం మనిషిని పట్టుకుని రేవు కబుర్లు మొదలుపెట్టాడు.

“గీత కొట్టేసినాను బాబూ, ఇంతలో ముఠా సర్దారు కేకేసినాడు. ఎల్లొచ్చి సూస్తే గీతలున్నాయి గదా, లెక్కయిపోనాదనుకున్నాను. తీరా సాయంత్రం ఎనిమిది బేళ్లు తక్కువొచ్చినాయి. గీత పడిపోనాది గాని అంకె పడనేదు. ఏటి సేస్తాం?”

ఈ కథ సునీత కొన్ని వందలసార్లు విన్నది. నవ్వడానికి నోరు తెరిచింది కూడా. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

సోమవారం మధ్యాహ్నం. పట్టికలో మూడో పేజీ. ఎర్ర గీత గీసింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది, ఈ కంటి డాక్టరు దగ్గరి నుంచే, బుధవారం రమ్మని. మాట్లాడి పెట్టేసి కాగితాల వైపు చూసింది. గీత ఉంది. పేజీ తిప్పింది.

గుణించిందా?

సంచిలోంచి నోటుపుస్తకం లాగింది. ప్రతి పేజీకీ మొదటి వరుసను చేత్తో వేసి చూసుకోవడం ఆమె అలవాటు. రెండో పేజీ లెక్క ఉంది. దాని కిందే నాలుగో పేజీ లెక్క ఉంది. మధ్యలో ఏమీ లేదు.

మూడో పేజీలో ఉన్నది ఒకే అంకె, పన్నెండు పాయింటు నాలుగు. చదరపు ఫెమ్టోమీటర్లలో. దాన్ని నూట ఇరవై నాలుగు చేసి పంపాలి. చెయ్యలేదు. పన్నెండు పాయింటు నాలుగు మిల్లీబార్నులు అని పోయింది.

అంకె ఒక్కటే అయితే మరునాడు వెళ్లి దిద్దుకునేది. కాని ఆ అంకెతో అప్పుడే పని మొదలైపోయింది. ఆ ఉదయమే ఒక పలుచటి లోహపు రేకు మీద యంత్రంతో కణాల్ని కురిపించారు. అలా కురిపిస్తే రేకులో రేడియోధార్మికత పుడుతుంది. ఎంత పుడుతుందో, మనిషి దగ్గరికి పోవడానికి ఎన్ని గంటలు ఆగాలో, అంతా సునీత పంపిన అంకెను బట్టే లెక్కకట్టారు. గురి పదిరెట్లు పెద్దదైతే రేకులో పుట్టేదీ పదిరెట్లే. అది ఆరు గంటలకొకసారి సగమవుతుంది. పదోవంతుకు తగ్గి కాగితం మీది అంకెకు రావాలంటే దాదాపు ఇరవై గంటలు పడుతుంది. అంటే ఆ రేకును మరునాడు పొద్దున తొమ్మిదింటికి ముట్టుకోవాలి. కాగితం మీద మాత్రం ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంట అని ఉంది.

ఒంటిగంటకు లోపలికి వెళ్లి రేకును పట్టకారుతో తీసేది నిమాయ్ దా, అంటే నిమాయ్ అన్న. అక్కడ టెక్నీషియను, రెండేళ్లలో రిటైరవుతాడు. సునీత చేరిన మొదటి రోజున క్యాంటీనులో చేపల పులుసు తినలేక కన్నీళ్లు పెట్టుకుంటే తన డబ్బాలోని అన్నం పంచినవాడు. అక్కడికక్కడే ప్రాణం పోయేంత కాదని ఆమెకు తెలుసు. ఒక మనిషి ఒళ్లు ఏడాది పొడవునా తట్టుకోవలసింది పది నిమిషాల్లో పడుతుందని కూడా తెలుసు.

గోడగడియారం పన్నెండుంబావు చూపిస్తోంది.

నిమాయ్ దాకు ఫోను చేసింది. ఎత్తలేదు. లోపలికి పోయేవాళ్లు ఫోను బయట లాకరులో పెట్టి పోవాలి, అది రూలు. ఈ ప్రయోగం చూస్తున్న శాస్త్రవేత్త సాయివర్ధన్‌కు చేసింది. వరంగల్ నుంచి వచ్చిన కుర్రవాడు, నేలమాళిగలో కూర్చుంటే సిగ్నలు అందదు. కంట్రోలు రూము ఫోనుకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

“ఏటయిందే? ఊపిరి అలా ఎగబీలుస్తున్నావు?” అన్నాడు కూర్మయ్య. కళ్లు కనబడకపోయినా చెవులు పనిచేస్తున్నాయి.

“లెక్క తప్పిపోనాది నాన్నా. ఒక పేజీ గుణించకుండా పంపీసినాను. దాన్ని నమ్ముకుని నిమాయ్ దా ఒంటిగంటకి లోపలికి ఎల్తాడు.”

“సెప్పీ మరి.”

“ఫోనెవలూ ఎత్తట్లేదు. పైగా...” అని ఆగింది. పైగా ఏమిటో ఆయనకూ తెలుసు. అది జూలై.

కూర్మయ్య తడుముకుంటూ కూతురి చెయ్యి పట్టుకున్నాడు. “ఒలే, క్రేనుకి ఏలాడే స్లింగు కింద మనిసి ఉన్నాడనుకో. తప్పు క్రేనోడిదా, టాలీవోడిదా అని రేవులో ఎవడైనా సూస్తాడా? ముందు కేకెయ్యాల. లెగు. బేగి ఎల్లు.”

“నీకు కళ్లు అవుపడవు గదా నాన్నా.”

“నానిక్కడే ఉంటాను. నన్నెవడెత్తుకుపోతాడు? ఎల్లెహె!”

ఇచ్ఛాపురం మనిషికి తండ్రిని అప్పజెప్పి ఆమె వానలోకి పరుగెత్తింది. పసుపు టాక్సీ దొరికింది. దొరికిందే గాని కదలాలి కదా. వానపడిన కలకత్తాలో టాక్సీ ఎక్కడమంటే డబ్బులిచ్చి కూర్చోవడమే. పార్క్ సర్కస్ దగ్గరికి వచ్చేసరికి పన్నెండూ నలభై. ముందు బస్సులు, పక్కన బస్సులు, మోకాలి లోతు నీళ్లు. కంట్రోలు రూముకు ఆరోసారి చేసింది. ఈసారి ఎంగేజ్. ఎవరో మాట్లాడుతున్నారు, మనుషులున్నారు, ఆమె మాటే చేరడం లేదు.

ఆ టాక్సీలో తనకొక పాడు ఆలోచన వచ్చిందని సునీతే నాకు చెప్పింది. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? నిమాయ్ దా చేతిలో మీటరు ఉంటుంది. రేడియోధార్మికత ఎంతుందో అది చూపిస్తుంది. ఎక్కువుంటే ఆయనే వెనక్కి వస్తాడు. అప్పుడు ‘అంకెలో ఏదో తేడా ఉంది’ అంటారు, ఎవరిదో తేలేసరికి నెల దాటుతుంది, కాంట్రాక్టు కాగితం వచ్చేసి ఉంటుంది. ఫోను సంచిలో పెట్టేసి ఊరుకుంటే చాలు. ఈ ఆలోచన మూడుసార్లు వచ్చిందట. నేనైతే మూడోసారికి ఊరుకునేవాణ్ని. అది నిజం, ఈ వయసులో అబద్ధమాడి ఎవరిని మెప్పించాలి? పిల్ల మాత్రం ప్రతిసారీ ఫోను తీసి ఆ కంట్రోలు రూము నంబరే నొక్కింది.

పన్నెండూ నలభై ఎనిమిదికి సాయివర్ధన్ ఎత్తాడు.

“సార్, నాను సునీతని. నిమాయ్ దా ఏడీ?”

“లోపలికి పోయిండక్కా. ఇవ్వాళ జర ముందే పోయిండు. ఏమైంది?”

“ఆపండి సార్! బేగి ఆపండి! మూడో పేజీ నాను గుణించనేదు. పన్నెండు పాయింటు నాలుగు కాదు, నూటిరవై నాలుగు. పదిరెట్లు సార్. తప్పు నాదే, రాసిచ్చేస్తాను, ముందు ఆయన్ని బయటికి లాగండి!”

ఇరవై రెండేళ్లుగా ఆఫీసులో అణచిపెట్టుకున్న యాస అంతా ఒక్కసారి బయటపడింది. అవతల రిసీవరు బల్ల మీద పడిన చప్పుడు వినిపించింది. కుర్చీ దొర్లిన చప్పుడు. పరుగు. ఆ తరువాత ఏమీ లేదు. యంత్రాలు మోగే సన్నటి రొద ఒక్కటే. ఆమె ఫోను చెవికి అదిమిపెట్టుకుని ఆ రొద వింటూ కూర్చుంది. నాలుగు నిమిషాలకు లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎంగేజ్. రిసీవరు బల్ల మీదే ఉండిపోయి ఉంటుంది. డ్రైవరు అద్దంలోంచి ఆమె ముఖం చూసి, బెంగాలీలో అక్కను పిలిచినట్టు, ఆసుపత్రికా దిది అని అడిగాడు. కాదు అనబోయి ఏడ్చేసింది.

గేటు దగ్గర దిగేసరికి ఒంటిగంటా ఇరవై. తడిసిన చీరతో, చెప్పులు చేత్తో పట్టుకుని కారిడారు పొడవునా పరుగెత్తింది. చివర బెంచీ మీద నిమాయ్ దా కూర్చుని ఉన్నాడు. చేతిలో మట్టి ముంతలో టీ. పక్కన రెండు మీటర్లు. సాయివర్ధన్ గోడకు చేరగిలబడి నిలబడ్డాడు. అతని ముఖం ఇంకా పాలిపోయే ఉంది.

“రేకు ముట్టుకున్నారా?” అంది.

ముట్టుకోలేదని ఆయన తల ఊపాడు. ఆమె నేల మీద కూర్చుండిపోయింది.

“మీటరు ఎక్కువ చూపించిందా దాదా? అందుకే ఆగిపోయారా?” అని అడిగింది. మీటరు ఉందిలే అన్న పాడు ఆలోచనకు జవాబు కావాలి ఆమెకు.

నిమాయ్ దా బెంగాలీలో చెప్పింది నాకొచ్చిన తెలుగులో చెబుతున్నాను.

“చూపించింది దిది. బయటి తలుపు తియ్యగానే ముల్లు ఎగిరింది. కాగితం చూస్తే ఇంతుండాలి, మీటరు పదింతలు చెబుతోంది. బ్యాటరీ అనుకుని మార్చాను. అదే చెప్పింది. వెనక్కొచ్చి రెండో మీటరు తీసుకెళ్లాను. అదీ అదే చెప్పింది. పోయిన వారమే రెండింటినీ సరిచేయించడానికి కలిపి పంపారు కదా, రెండింటినీ కలిపే పాడుచేశారనుకున్నాను.” ఆయన టీ ఒక గుక్క తాగాడు. “ఎందుకంటే కాగితం మీద అంకె నీది. ఇరవై రెండేళ్లలో నీ అంకె తప్పలేదు. మీటర్లు తప్పుతాయి. లోపలి తలుపు గొళ్లెం తీశాను, అప్పుడు ఈ అబ్బాయి అరుచుకుంటూ వచ్చాడు.”

ఆయన్ని కాపాడవలసిన మీటరు నోరును సునీత పేరే నొక్కేసింది. ఒక్కసారి ముందెప్పుడైనా తప్పు చేసి ఉంటే, ఆయన మొదటి మీటరుకే వెనక్కి తిరిగి ఉండేవాడు. ఈ మాట ఆమె నాతో అన్నప్పుడు మీసం మీదున్న నా చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

ఆ బెంచీ మీదే కూర్చుని తప్పు తనదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి సాయివర్ధన్‌కు ఇచ్చింది. “గిది ఇవ్వాళ్నే ఇయ్యాల్నా అక్కా?” అన్నాడతను నసుగుతూ. కాంట్రాక్టు సంగతి అతనికీ తెలుసు. “ఇవాళే సార్” అంది. అంకె దిద్దింది. రేకు తీసే వేళ కొట్టేసి, రేపు ఉదయం తొమ్మిది అని రాసింది.

కంటి డాక్టరు దగ్గరికి తిరిగొచ్చేసరికి నాలుగు దాటింది. బల్లలన్నీ ఖాళీ. కూర్మయ్య ఒక్కడే గోడ వైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

“మనిసి?”

“బాగున్నాడు నాన్నా.”

ఆయన గోడ వైపు నుంచి ఆమె వైపు తిరిగాడు. తరువాత మెల్లగా అడిగాడు. “గీత ముందు కొట్టినావా?”

“ఊఁ.”

“నానే నేర్పినాను” అన్నాడు కూర్మయ్య. చుక్కల మందు వల్లనో ఏమో, కళ్లు తుడుచుకున్నాడు.

మరునాడు తొమ్మిదింటికి నిమాయ్ దా మీటరు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చేసరికి సునీత అక్కడే నిలబడి ఉంది. రాత్రంతా నిద్ర లేని కళ్లు. కుడి చేతి గుప్పిట్లో మడత పెట్టిన కాగితం.

“ఎంతుండాలి దిది?” అన్నాడు ఆయన, అలవాటు కొద్దీ.

“చెప్పను. ముందు మీటరు ఏమంటుందో మీరు చెప్పండి.”

ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. తలుపు తీశాడు. మీటరు ముందుకు చాచి, ముల్లు నిలిచేదాకా ఆగి, అంకె గట్టిగా చదివాడు. సునీత గుప్పిట విప్పి కాగితం చూసింది. రెండూ ఒకటే.

“వెళ్లండి దాదా. కాని ఇక మీదట ప్రతిసారీ ఇలాగే. నన్ను నమ్మకండి, కొలవండి” అంది.

నిమాయ్ దా లోపలికి వెళ్లాడు. ఆమె కాగితాన్ని గోడకు ఆనించి పెట్టుకుని, ఎర్ర పెన్సిలు పట్టుకుని ఎదురుచూసింది. పదకొండు నిమిషాలకు ఆయన రేకును లోపలే సీసం పెట్టెలో పెట్టేసి, ఖాళీ చేతులతో, నిదానంగా బయటికి వచ్చి తలుపు వేశాడు. అప్పుడు గీసింది గీత.